చొక్కా కాలర్ నమిలే అలవాటు

ప్రశ్న (విజయవాడ): బాబుకి 5 ఏళ్లు, ఆటిజం. బడి నుంచి వచ్చేసరికి కాలర్ తడిసి చిరిగిపోతోంది. వద్దంటే ఇంకా గట్టిగా కొరుకుతున్నాడు. ఏం చేయాలండీ?

జవాబు 1: నమిలేటప్పుడు దవడకి ఒత్తిడి అందితే వాడికి నిమ్మళం, అందుకే వద్దంటే పెరుగుతుంది. ఎప్పుడెప్పుడు నములుతున్నాడో వారంపాటు రాసుకోండి. ఆ వేళకి కాస్త ముందే చేగోడీ, లేదా సన్న స్ట్రాతో చిక్కటి లస్సీ ఇవ్వండి. పక్కనే కూర్చోవాలి సుమా. చెయ్యి కాలర్ మీదకి వెళ్తే మందలించకుండా నమిలే ట్యూబ్ (పిల్లలు నమలడానికే చేసిన గొట్టం) అందించండి.

జవాబు 2: ట్యూబ్ ఫుడ్‌గ్రేడ్ సిలికాన్‌దే కొనండి. గట్టిగా కొరికేవాడికి మెత్త రకం త్వరగా తెగి, ముక్క గొంతులో అడ్డుపడొచ్చు. గాట్లు పడితే పారేయండి. మెడలో వేస్తే లాగగానే ఊడే క్లిప్ ఉండాలి, నిద్రలో తీసేయాలి.

జవాబు 3: దారాలు మింగుతుంటే ఐరన్, సీసం రక్తపరీక్షల గురించి పిల్లల డాక్టర్‌ని అడగండి. నమలడం హఠాత్తుగా పెరిగితే పుచ్చుపన్నేమో చూడండి.