పట్టలు, పంపు, మిరప విత్తనం ఆన్‌లైన్లో కొనొచ్చా?

దర్శి మిరప: మా ఊళ్లో కొందరు ఈసారి పట్టలు (టార్పాలిన్లు), మందు కొట్టే చార్జింగ్ పంపు, మిరప విత్తనం మూడూ ఫోన్లోనే బుక్ చేద్దామంటున్నారు. కొట్టు కంటే ధర తక్కువ చూపిస్తోంది. ఏం చూసుకోవాలి?

బుచ్చి మాగాణి: పట్ట తెప్పించుకోండి. టేపు, కాటా ఉంటే చాలు. 24×18 అడుగులంటే సుమారు 40 చదరపు మీటర్లు. 250 జీఎస్ఎం (చదరపు మీటరుకి అన్ని గ్రాముల బరువు) అని రాసుంటే 10 కిలోలు తూగాలి. 7 కిలోలే వస్తే అది 175ది. పార్శిల్ విప్పడం దగ్గర్నుంచి కాటా అంకె కనబడేదాకా ఆపకుండా వీడియో తీయండి. వాపసు అడిగితే అదే సాక్ష్యం.

ఒంగోలు పంపు రిపేరు: 16 లీటర్ల పంపులో అసలు సంగతి బ్యాటరీ. స్టిక్కరు మీద 12 వోల్టు, 12 ఆంపియర్-అవర్ అని ఉన్నా లోపల 8ది పెట్టేవాళ్లున్నారు. అడుగు మూత విప్పి తూచండి. లెడ్ బ్యాటరీ 12ది మూడున్నర కిలోల దాకా ఉంటుంది, 8ది రెండున్నర దగ్గరే ఉంటుంది. వాషర్లు, ట్రిగ్గరు, నాజిల్ మన ఊళ్లో దొరికే సైజేనా అన్నది కూడా ముందే కనుక్కోండి. పురుగు ఉధృతంగా ఉన్న వారంలో 20 రూపాయల వాషరు కోసం పంపు మూలన పడకూడదు.

కొండపి అన్న: విత్తనం దగ్గర ఆగండి తమ్ముడూ. మిరప మొలకెత్తడానికే 7 నుంచి 14 రోజులు పడుతుంది. వాపసు గడువు వారమే అయితే మొలక తేలేలోపే అది దాటిపోతుంది. అందుకే ప్యాకెట్ రాగానే పాతిక గింజలు తడిగుడ్డలో కట్టండి, 15 కంటే తక్కువ మొలిస్తే మిగతావి నారుమడిలో చల్లొద్దు. లాట్ నంబరున్న బిల్లు, ఖాళీ ప్యాకెట్ పంట అయ్యేదాకా దాచండి. అవి లేకపోతే వ్యవసాయాధికారికి ఫిర్యాదు చేసినా నిలబడదు.

కొండపి అన్న: ఇక మందుల సంగతి. 2022 నవంబరులో నిబంధనలు సవరించాక పురుగుమందులు ఆన్‌లైన్లో అమ్మొచ్చు, కానీ అమ్మేవాళ్లకి లైసెన్సు ఉండాలి. బిల్లులో అమ్మినవాళ్ల పేరు, బ్యాచ్ నంబరు లేని డబ్బా తీసుకోవద్దు. సీలు తడిగా ఉన్నా తిప్పి పంపండి. సబ్సిడీ యూరియా షాపింగ్ యాప్‌లో వెతకొద్దు. 45 కిలోల బస్తా 266.50కి రావాలంటే డీలరు దగ్గర మిషన్‌లో మన పేరు నమోదు కావాల్సిందే.

కోవూరు కౌలు: ధర ఒక్కటే చూస్తే ఎట్లా? కొట్టువాడు పంట అమ్మిందాకా ఆగుతాడు, యాప్‌కి సొమ్ము ముందే కట్టాలి. కౌలు రైతు ఫోన్లో కొనకపోవడానికి భయం కంటే ఇదే పెద్ద కారణం. ఇంకోటి, మందు అరువుకి తెస్తూ పంపు మాత్రం యాప్‌లో కొంటే కొట్లో మాట పడాల్సొస్తుంది. అయినా అరువు ధర, రొక్కం ధర రెండూ విడిగా రాయించుకోండి. ఆ తేడా పట్టుకుని యాప్ ధరతో పోల్చండి.

దర్శి మిరప: అయితే పట్టలు నలుగురం కలిసి బుక్ చేస్తాం, విప్పి చూపించాక డబ్బు ఇచ్చే పద్ధతిలో. విత్తనం దర్శిలోనే, లాట్ నంబరు రాయించి. పంపు బ్యాటరీ లిథియందైతే బరువు లెక్క ఎట్లా?

ఒంగోలు పంపు రిపేరు: లిథియంకి ఆ లెక్క పనికిరాదు, తేలిగ్గానే ఉంటుంది. నిండా చార్జి పెట్టి, నీళ్లు పోసి ఎన్ని ట్యాంకులు కొడుతుందో లెక్కపెట్టండి. వాపసు గడువు లోపలే చేయండి.