పాత థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్: ఢిల్లీ నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమా, సీటీసీలో కొనుక్కోవడమా?

ఫస్టియర్ సీఎస్ఈ
బడ్జెట్ 20 వేలు. పని: కోడింగ్ ప్రాక్టీసు, ఆన్‌లైన్ పరీక్షలు, కాస్త ఆఫీస్. అనుకుంటున్నది లెనోవో థింక్‌ప్యాడ్ టీ480, ఐ5 ఎయిత్ జెన్ (ఎనిమిదో తరం) ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 256 ఎస్ఎస్‌డీ. ఢిల్లీ నెహ్రూ ప్లేస్ సెల్లర్ ఒకతను ఆన్‌లైన్‌లో 18,500కి పెట్టాడు. డెలివరీ ఫ్రీ, ఏడు రోజుల రిటర్న్. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాల బిల్డింగ్ సీటీసీలో అదే కాన్ఫిగరేషన్ 22 వేలు చెప్తున్నారు, బేరమాడితే వెయ్యి దాకా దిగుతుందేమో. ఈ తేడా కోసం ఆన్‌లైన్‌కి వెళ్ళొచ్చా, వద్దా?

పార్క్‌లేన్
సీటీసీకే పో తమ్మీ. రెండు తావులకూ వచ్చేది ఒక్కటే మాల్. కంపెనీలు మూడేండ్లు లీజుకు తీస్కుంటయి, లీజు అయిపోంగనే వందల లెక్కన లాట్లు బయటికొస్తయి, వాటినే తుడిచి అమ్ముతరు. గ్రేడ్ ఏ, గ్రేడ్ బీ అని రాస్తరు చూడు, ఆ గ్రేడు ఎవడిచ్చిండు? అమ్మెటోడే ఇచ్చుకుండు. దుకాణంల అయితే నాలుగు పీసులు ముందట వెట్టమంటవ్, నాలుగింటివి బ్యాటరీ రిపోర్టులు తీస్తవ్, మంచిది ఏరుకుంటవ్. ఆన్‌లైన్ల ఏరుకునుడు ఉండది, వాడు పంపిందే నీది.

ఒక్కటి యాదికి పెట్టుకో. నువ్వు చూసిన పీసే ఇయ్యాలె. సీరియల్ నంబరు బిల్లు మీద రాపిచ్చుకో. "లోపలికెళ్ళి ఫ్రెష్ పీసు తెస్తా" అంటే అక్కడ్నే వద్దను.

రసీదు
పార్క్‌లేన్ గారూ, ఏరుకునే మాట నిజమే. కొన్న వారానికి డిస్‌ప్లేలో గీతలు పడితే? సెకండ్‌హ్యాండ్ కౌంటర్లలో చాలాచోట్ల ఇచ్చేది "టెస్టింగ్ వారంటీ", అదీ నోటిమాటే. చేతికిచ్చేది కచ్చా చీటీ. పట్టుకుని అడగడానికి కాగితమే ఉండదు.

ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌కి 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనలు వర్తిస్తాయి. సెల్లర్ వివరాలు, రిటర్న్ షరతులు చూపించాలి. గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. అప్పటికీ కాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్. అదీ కాకపోతే 2019 చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు, ఢిల్లీ తిరగక్కర్లేదు. 5 లక్షల లోపు సరుకుకి ఫీజు కూడా లేదు.

మెలిక ఒకటుంది. ఇదంతా వ్యాపారం చేసే సెల్లర్‌కే. క్లాసిఫైడ్ సైట్లలో ఎవరో తన సొంత ల్యాప్‌టాప్ అమ్ముకుంటుంటే ఈ రక్షణ మీద ఆశ పెట్టుకోవద్దు. "ఆర్మీలో పని చేస్తున్నా, ట్రాన్స్‌ఫర్ అయింది, ట్రాన్స్‌పోర్టుకి అడ్వాన్స్ వేయండి" అని ఐడీ కార్డు ఫోటో పంపే బాపతు తిరిగేది కూడా అక్కడే. తర్వాత "రిఫండ్ ఇస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి" అంటారు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టే పని ఎప్పుడూ ఉండదు. పిన్ కొట్టి డబ్బు పోయిందంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

బయోస్ బాబాయ్
మీ ఇద్దరి వాదన స్క్రీన్ గీతల చుట్టూ తిరుగుతోంది. కంపెనీ నుంచి వచ్చిన మెషీన్లతో అసలు తంటా తాళాలది, అవి కంటికి కనపడవు.

ఆన్ చేయగానే ఎఫ్1 కొట్టి బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల స్క్రీన్‌లోకి వెళ్ళండి. సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడిగిందా, ఆ పీసు పక్కన పెట్టేయండి. ఆ పాస్‌వర్డ్ ఉన్నా విండోస్ మామూలుగానే నడుస్తుంది, అందుకే నెలల తరబడి ఎవరూ గమనించరు. బయోస్‌లో ఏదో సెట్టింగ్ మార్చాల్సి వచ్చిన రోజు బయటపడుతుంది. బోర్డు మీదుండే చిన్న సీమాస్ సెల్ పీకితే పోతుందని చెప్పేవాళ్ళు ఉంటారు. థింక్‌ప్యాడ్‌లో అలా పోదు, అది వేరే చిప్‌లో కూర్చుంటుంది. మర్చిపోతే సిస్టమ్ బోర్డు మార్చడమే దారి అని లెనోవో మాన్యువలే చెప్తుంది.

అదే సెక్యూరిటీ మెనూలో కంప్యూట్రేస్ అనే పేజీ చూడండి. పోయిన మెషీన్‌ని వెతికి పట్టుకునే ఏర్పాటు అది, డిస్క్ మార్చినా మళ్ళీ వస్తుంది. "యాక్టివేటెడ్" అని ఉంటే పాత కంపెనీ ఇంకా వదల్లేదని అర్థం.

ఇక విండోస్ ఆటోపైలట్, అంటే మెషీన్‌ని కంపెనీ ఖాతాకి కట్టేసే ఏర్పాటు. మెషీన్ హార్డ్‌వేర్ గుర్తు కంపెనీ ఖాతాలో నమోదై ఉంటుంది. అమ్మేవాడు నెట్ కలపకుండా విండోస్ వేసి, లోకల్ అకౌంట్ పెట్టి ఇస్తే పైకి అంతా శుభ్రంగా ఉంటుంది. ఎప్పుడో మీరు రీసెట్ చేస్తారు, సెటప్‌లో వైఫై కలుపుతారు, ఏదో కంపెనీ లోగో వచ్చి ఆ కంపెనీ ఈమెయిల్‌తో సైన్ ఇన్ అవ్వమంటుంది. కాబట్టి ఎక్కడ కొన్నా ఈ పరీక్ష తప్పదు: అంతా తుడిచేసే రీసెట్, ఆ తర్వాత సెటప్ స్క్రీన్ దగ్గర వైఫై. దాదాపు గంట పని. కౌంటర్ దగ్గర గంట నిలబడనిస్తారా? ఇంట్లో ఏడు రోజులు టైముంది. ఆన్‌లైన్ వైపు నాకు కనిపించే గట్టి కారణం ఇదే.

పార్క్‌లేన్
నిలవడనిస్తరు బాబాయ్, అడిగే తీరుల అడగాలె. పొద్దుగాల దుకాణం తెర్వంగనే పోవాలె, సాయంత్రం గిరాకి మీద పోతే ఎవడూ మొఖం చూడడు. పెన్‌డ్రైవ్‌ల విండోస్ 11 ఏస్కొని పోవాలె, ఎఫ్12 కొట్టి దాన్ల నుంచి బూట్ చేసి విండోస్ మళ్ళ ఎయ్యాలె, సెటప్ కాడ ఫోన్ హాట్‌స్పాట్ కలపాలె. గంట పట్టది. వద్దంటే పక్క దుకాణం. ఒక్క బిల్డింగుల ఎన్ని ఉన్నయి!

స్క్రూడ్రైవర్
టీ480 అనే అనుకుంటున్నారు కాబట్టి దాని సంగతులు.

ముందు, లిస్టింగ్‌లో ఉన్నది నిజంగా టీ480యేనా చూడండి. టీ480ఎస్ అనేది వేరే మెషీన్. దాంట్లో ఒక ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, స్లాట్ ఒక్కటే. టీ480లో రెండు స్లాట్లు. అడుగు భాగం ఫోటో అడగండి: వెనక అంచున ఊడదీసే బ్యాటరీ కనిపిస్తే టీ480. సీరియల్ నంబరు కూడా అడిగి లెనోవో సపోర్ట్ సైట్‌లో కొడితే అసలు మోడలేంటో, వారంటీ ఎప్పుడు మొదలైందో తెలుస్తుంది.

ఉత్త "ఐ5" అంటే సరిపోదు, 8250యూ లేదా 8350యూ అని పూర్తి నంబరు కావాలి. 8 జీబీ ఒకటే స్టిక్‌గా ఉంటే మంచిది, రెండో స్లాట్ ఖాళీగా ఉంటుంది, తర్వాత ఇంకో 8 వేసుకోవచ్చు. రెండు 4లు ఉంటే పెంచేటప్పుడు పాతవి పారేయాలి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీలో ఎన్ని స్లాట్లు వాడుతోందో రాసి ఉంటుంది.

బ్యాటరీలు రెండు. లోపల 24 వాట్ అవర్ల బిగింపు బ్యాటరీ, వెనక ఊడదీసేది 24, 48 లేదా 72. "బ్యాటరీ బాగుంది సార్" అనేవాడు ఏ బ్యాటరీ గురించి చెప్తున్నాడో అడగాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని కొట్టండి. వచ్చే పేజీలో రెండూ పక్కపక్కన కనిపిస్తాయి. డిజైన్ కెపాసిటీ 24,000 మిల్లీవాట్ అవర్లు, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ 15,000 ఉంటే మిగిలింది 62 శాతం. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా, అడుగు మూత ఉబ్బినా శాతాలతో పని లేదు, తీసుకోవద్దు.

చాలామంది చూడనిది ఛార్జింగ్ పోర్టు. దీనికి గుండ్రటి పిన్ను, పాత చదరపు పిన్ను ఏదీ లేదు, ఛార్జింగ్ మొత్తం టైప్-సీ లోంచే. పోర్టులు రెండు, రెండింట్లోనూ పెట్టి చూడాలి. ఏళ్ళ తరబడి పెట్టి తీసి ఒకటి వదులైపోయి ఉంటుంది: కేబుల్ కొంచెం కదిపితే ఛార్జింగ్ ఆగి మొదలవుతుంది. పైగా ఆ కాలపు థింక్‌ప్యాడ్‌లలో థండర్‌బోల్ట్ (ఆ టైప్-సీ పోర్టుని నడిపే చిప్) ఫర్మ్‌వేర్‌ లోపం ఉంది, దానివల్ల పోర్టు ఛార్జింగ్ మానేయొచ్చు. లెనోవో అప్‌డేట్ ఇచ్చింది. మెషీన్ వచ్చిన రోజే వేయండి, రేపు చూద్దాం అనుకునే పని కాదు. ఛార్జర్ 65 వాట్లది కావాలి. చవక ఫోన్ ఛార్జర్ పెట్టి పంపితే ఛార్జ్ చాలా నెమ్మదిగా ఎక్కుతుంది, లేకపోతే అసలు ఎక్కదు.

ఉబుంటు
ఇదంతా ఎయిత్ జెన్ మోజు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆపేసింది, 11 అధికారికంగా ఇంటెల్‌లో, ఒకట్రెండు మినహాయింపులు తప్ప, ఎయిత్ జెన్ నుంచే. అందుకే సెవెంత్ జెన్ టీ470కి గిరాకీ లేదు. దానికీ రెండు స్లాట్లు, రెండు బ్యాటరీలు. లినక్స్ వేసుకుంటే కోడింగ్‌కి ఏం తక్కువ? మిగిలిన డబ్బుతో 16 జీబీ చేసుకోవచ్చు.

స్క్రూడ్రైవర్
ఉబుంటు గారూ, తక్కువేంటంటే ప్రాసెసర్ కోర్లు. సెవెంత్ జెన్ యూ సిరీస్ ఐ5లో రెండు, ఎయిత్ జెన్‌లో నాలుగు. ఒక్క తరం తేడాకి అంత దూకుడు అరుదు. పైగా కుర్రాడు ఆన్‌లైన్ పరీక్షలన్నాడు, పరీక్ష రాసేవాళ్ళని కనిపెట్టే ఆ ప్రాక్టరింగ్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు విండోసే అడుగుతాయి.

విండోస్ మాటొచ్చింది కాబట్టి: అదే కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్ఎల్ఎంజీఆర్, ఖాళీ, స్లాష్, ఎక్స్‌పీఆర్ కొట్టి చూడండి. శాశ్వతంగా యాక్టివేట్ అయిందని రావాలి. ఏదో తేదీ చూపిస్తే కేఎంఎస్‌తో (కంపెనీల కోసం ఉన్న గడువు యాక్టివేషన్) నెట్టుకొచ్చారని, 180 రోజుల్లో గడువైపోతుందని అర్థం.

పికప్ డెస్క్
డబ్బు, డెలివరీ గురించి ఎవరూ మాట్లాడలేదు.

క్యాష్ ఆన్ డెలివరీ అంటే భద్రత అనుకుంటారు. మామూలు కొరియర్‌లో ముందు డబ్బు, తర్వాతే పెట్టె. లోపల ఇటుక ఉన్నా ఆ అబ్బాయి చేయగలిగిందేం లేదు. ఓపెన్ బాక్స్ డెలివరీ ఉన్న సైట్ చూసుకోండి: ముందు పెట్టె విప్పుతాడు, మీరు చూశాకే ఓటీపీ. అయితే గుమ్మం దగ్గర తేలేది మోడల్, పగుళ్ళు, సీరియల్ నంబరు, ఛార్జర్ ఉందా లేదా, అంతవరకే. విండోస్ రీసెట్ అయ్యేదాకా ఎవరూ ఆగరు. క్రెడిట్ కార్డుతో కడితే బ్యాంకు ద్వారా ఛార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు వెనక్కి) అడిగే దారి ఉంటుంది, సెల్లర్ యూపీఐకి నేరుగా పంపితే ఆ దారి లేదు.

వీడియో ఆపకుండా ఒకే టేక్‌లో తీయాలి. లేబుల్, దానిమీద ఏడబ్ల్యూబీ (ట్రాకింగ్) నంబరు, ఆరు వైపులా టేపు, కోత, లోపలి సీరియల్ నంబరు. మధ్యలో కట్ చేసిన వీడియోని ఒప్పుకోరు. లేబుల్ మీద బరువు కూడా చదవండి. మెషీన్, ఛార్జర్, ప్యాకింగ్ కలిపి రెండు కిలోలు దాటాలి. అరకిలో అని ఉంటే విప్పకుండా వెనక్కి పంపడం మేలు.

లిథియం బ్యాటరీ ఉన్న పార్సిల్ ఎయిర్‌లో వేయాలంటే డిక్లరేషన్ల గొడవ, అందుకే చాలామంది రోడ్డు మీదే పంపుతారు. ట్రాకింగ్ ఒకే హబ్‌లో రెండు రోజులు కదలకపోతే కంగారు పడొద్దు. "అడ్రస్ తప్పు, 5 రూపాయలు కట్టి సరిచేయండి" అని లింకుతో మెసేజ్ వస్తే అది కొరియర్ వాళ్ళది కాదు. మన ఊళ్ళో బై నంబర్లు పట్టుకుని ఇల్లు వెతకడం ఎవరి వల్లా కాదు, మెట్రో పిల్లర్ నంబరో, పక్కనున్న గుడో, బేకరీయో రాయండి. ఇంట్లో లేనప్పుడు వాచ్‌మన్‌కి ఓటీపీ చెప్పి తీసుకోమనడం మాత్రం చేయొద్దు. ఓపెన్ బాక్స్ అక్కడితో అయిపోయినట్టే, రిటర్న్ గడువు కూడా ఆ నిమిషం నుంచే నడుస్తుంది.

ఫస్టియర్ సీఎస్ఈ
సెల్లర్‌ని అడిగాను. సీరియల్ నంబరు, బ్యాటరీ రిపోర్టు పంపాడు: లోపలిది 71 శాతం, వెనకది 48. బయోస్ సెక్యూరిటీ పేజీ ఫోటో అడిగితే "అన్నీ చెక్ చేసే పంపిస్తాం" అంటున్నాడు, ఫోటో ఇవ్వట్లేదు. రిటర్న్ షరతుల్లో కింద "రీప్లేస్‌మెంట్ ఓన్లీ" అని ఉంది.

బయోస్ బాబాయ్
అయితే నేను చెప్పిన ఏడు రోజుల లాభం పోయినట్టే. రీప్లేస్‌మెంట్ అంటే అదే లాట్‌లోంచి ఇంకో పీసు. లాట్ ఒకే కంపెనీదైతే, ఒకదానికి ఆటోపైలట్ ఉంటే పక్కదానికీ ఉంటుంది. ఎన్నిసార్లు మార్చినా అదే లోగో వస్తుంది. ఈ లిస్టింగ్ వదిలెయ్ బాబూ.

రసీదు
షరతు అలా రాసుకున్నంత మాత్రాన చెల్లదు. సరుకు లోపభూయిష్టమైనా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా సెల్లర్ వెనక్కి తీసుకోననడానికీ, డబ్బు ఇవ్వననడానికీ వీల్లేదని ఆ 2020 నిబంధనల్లోనే ఉంది.

పార్క్‌లేన్
రూలు నీ తాన ఉంటది, పైసలు వాని తాన ఉంటయి. నెల రోజులు మెయిళ్ళు కొట్టుకుంట కూసుంటే కుర్రోని పరీక్షలు ఎవడు రాస్తడు?

స్క్రూడ్రైవర్
వెనక బ్యాటరీ 48 శాతానికి భయపడకండి, స్క్రూ విప్పకుండా మారుతుంది, ధరలో తగ్గించమని అడగడానికి పనికొస్తుంది. లోపలిది 71 అంటే ఆ వయసుకి బాగానే ఉన్నట్టు. బయోస్ ఫోటో తీయడం మాత్రం రెండు నిమిషాల పని. బ్యాటరీ రిపోర్టు తీసిచ్చినవాడు అది ఇవ్వనంటున్నాడంటే నేను బాబాయ్ గారి వైపే. అదే మోడల్‌కి రిఫండ్ ఉన్న సెల్లర్ దొరుకుతాడేమో చూడండి, ఐదొందలు ఎక్కువైనా సరే.