ఇత్తడి నేమ్ ప్లేటుకి ఫెర్రిక్ క్లోరైడా, మైలుతుత్తమా?

రేకులరాజు:
ఇంటి నేమ్ ప్లేటు కోసం 2 మిల్లీమీటర్ల ఇత్తడి రేకు మీద గోళ్ళరంగు పూసి, అక్షరాలు గీకి, లోహాన్ని తినేసే ఫెర్రిక్ క్లోరైడ్‌లో వేశాను. పెద్ద అక్షరాలు బాగానే దిగాయి. ‘శ్రీ’లో రవత్తు మాత్రం ముద్దయిపోయింది. పైగా బాత్రూమ్ టైల్స్ మీద తుప్పురంగు మరక, దానికి రోజూ ఇంట్లో అక్షింతలు. కరెంటు పద్ధతికి మారితే మేలా?

సోల్డర్ బాబాయ్:
మారక్కర్లేదు. రేకు ముఖం పైకి పెట్టుంటావు. కరిగినదాని మడ్డి గాడిలోనే కూర్చుంటే మందు కిందికి దిగదు. నువ్వేమో ఇంకాసేపు ఉంచుతావు, ఈలోగా అది పక్కలకి తినేస్తుంది. వెనకవైపు టేపు వేసి బోర్లా వేలాడదీయి. ఇంకోటి, పొడి మందయితే దాన్నే నీళ్ళలో కొంచెం కొంచెంగా వేయాలి. పొడి మీద నీళ్ళు పోస్తే వేడెక్కి చిమ్ముతుంది.

తుత్తం పద్మ:
బోర్లా వేస్తే గీత బాగుపడుతుంది బాబాయ్ గారూ, మరకలు పోతాయా? నాది కరెంటు పద్ధతే, మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్ళతో. బోర్డో మిశ్రమానికి రైతులు కొనేదే. రేకు పాజిటివ్‌కి, ఎదురుగా అంతే సైజు రాగి రేకు నెగటివ్‌కి, మధ్య నాలుగు వేళ్ళ ఎడం. ఇక్కడ కరిగిన రాగి అక్కడ పేరుకుంటుంది, నీళ్ళు మళ్ళీ పనికొస్తాయి. మొదటిసారి 12 వోల్టుల చార్జర్ తగిలించి గోళ్ళరంగంతా పొరలుగా ఊడగొట్టుకున్నాననుకోండి. 1–2 వోల్టులు చాలు.

సోల్డర్ బాబాయ్:
రాగి రేకుకి ఆ మాట నిజం. ఇత్తడిలో జింకు కూడా ఉంది కదమ్మా! అది అవతలి రేకు మీదికి రాకుండా నీళ్ళలోనే ఉండిపోతుంది. పది ప్లేట్లయ్యాక అవి నువ్వు మొదట కలిపిన నీళ్ళు కావు.

తుత్తం పద్మ:
అది ఒప్పుకుంటా. అయినా ఏడాదికి రెండు ప్లేట్లు చేసుకునేవాళ్ళకి అదో లెక్కా?

కంసాలి మనవడు:
మా తాత నైట్రిక్ యాసిడ్‌తో నిమిషాల్లో తేల్చేసేవాడు. ఇంత గోల దేనికి?

సోల్డర్ బాబాయ్:
ఇంట్లో ఆ మాటెత్తకు. పైకొచ్చే ఎర్రటి పొగ నైట్రోజన్ డయాక్సైడ్. పీల్చినప్పుడు దగ్గొచ్చి తగ్గినట్టే ఉంటుంది, గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు.

రేకులరాజు:
సరే, ముందు బోర్లా వేసి చూస్తా. మందు పాతబడితే మోరీలో పోసేయొచ్చా?

తుత్తం పద్మ:
వద్దు! అందులో ఇప్పుడు రాగి ఉంది, చేపలకి విషం. నా తుత్తం నీళ్ళకీ ఇదే మాట. బట్టల సోడా కొద్దికొద్దిగా వేస్తే పొంగుతుంది, పొంగడం ఆగాక అడుగున మడ్డి పేరుకుంటుంది. అదీ మోరీలోకి కాదు, ప్రమాదకర చెత్త తీసుకునేవాళ్ళకి ఇవ్వాలి.

రేకులరాజు:
మరి టైల్స్ మరక? ఇంట్లో అడుగుతున్నది అదొక్కటే.

సోల్డర్ బాబాయ్:
ఆక్జాలిక్ యాసిడ్ నీళ్ళలో కలిపి రాసి, కాసేపాగి కడిగెయ్. చేతులకి గ్లోవ్స్ తప్పనిసరి, అదీ విషమే. ఈసారి డబ్బా బాత్రూమ్‌లో పెట్టకు నాయనా.