ముందు రెండు స్పీకర్లున్నాయి, వెనక ఇంకో రెండు వేయొచ్చా?

లంకపిల్లోడు:
బండి హ్యాండిల్‌బార్‌కి 4 ఓమ్స్ స్పీకర్లు రెండు, రెండు చానెళ్ల ఆంప్ (యాంప్లిఫయర్)తో బిగించానండి. అమలాపురంలో బాగానే వినబడతాయి. రావులపాలెంలో హైవే ఎక్కి 60 దాటితే గాలి హోరే తప్ప పాట లేదు. సైడ్ బాక్సుల మూతల్లో ఇంకో రెండు పెట్టి అదే ఆంప్‌కి కలిపేద్దామని. ఏవి మంచివి?

సోల్డరింగ్ మావయ్య:
కలపకండి. ఒక్కో చానెల్‌కి రెండేసి ప్యారలల్‌లో కలిపితే ఆంప్‌కి కనబడేది 2 ఓమ్సే. ఓమ్స్ అంటే కరెంటుకి అడ్డు, అది సగమైతే కరెంటు రెట్టింపు లాగుద్ది. 4 ఓమ్స్ దాకానే తట్టుకునే ఆంప్ అయితే మన ఎండలకి వేడెక్కి ఆగిపోద్ది, లేదంటే కాలిపోద్ది. సిరీస్‌లో కలిపితే 8 ఓమ్స్. ఆంప్ క్షేమమే గానీ వాట్లు సగానికి పడిపోయి, నాలుగు పెట్టిన సుఖం ఉండదు. ముందు ఆంప్ మీద ఏం రాసుందో చదివి చెప్పండి.

ప్రభల బుల్లెట్:
ఆయ్, మళ్లీ మొదలెట్టారండీ ఓమ్స్ పాఠం. నా బండికి నాలుగూ ప్యారలల్లోనే, మూడేళ్లైంది. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థంలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోగింది. ఏం కాలేదు.

సోల్డరింగ్ మావయ్య:
మీది 2 ఓమ్స్‌కి ఆగే ఆంపేమో. చూశారా?

ప్రభల బుల్లెట్:
చూళ్లేదు. 1000 వాట్లది.

సోల్డరింగ్ మావయ్య:
12 వోల్టుల మీద 1000 వాట్లు రావాలంటే 80 ఆంపియర్ల పైమాటే. మీ బండి ఫ్యూజెంతో ఓసారి తీసి చూడండి! అట్ట డబ్బా మీద అంకె కాదు, ఆర్‌ఎమ్‌ఎస్ అంటే ఆగకుండా ఇచ్చే అసలు వాట్లు ఎంతో చూడాలి. ఇంకోటి, 89 డెసిబెల్స్ సెన్సిటివిటీ (ఒక్క వాటుకి ఎంత గట్టిగా మోగుద్దో ఆ లెక్క) ఉన్న స్పీకర్ తీసేసి 92ది వేస్తే ఆంప్ వాట్లు రెట్టింపు చేసినంత లెక్క. నాసిరకంవి నాలుగెందుకు, మంచివి రెండు చాలు.

అంతర్వేది గాలి:
ఏవి కొన్నా పేపర్ కోన్ (కాగితం గరాటు ఉన్న స్పీకర్) వద్దు. మా వైపు ఉప్పుగాలికి వైరు కొసలు పచ్చగా చిలుం పట్టేస్తాయి. పడవలకి వాడే మెరైన్ రకం చూడండి.

ప్రభల బుల్లెట్:
రెండు చాలు, రెండు చాలు. ఎవరికండీ చాలు?

సోల్డరింగ్ మావయ్య:
పోయిన సంక్రాంతికి ఒకబ్బాయి నేను వద్దంటున్నా నాలుగూ కలిపించుకున్నాడు. పండగ వెళ్లకుండానే కాలిన ఆంప్ తెచ్చి, కొట్టు ముందు పదిమందిలో నన్ను దొంగన్నాడు. నా డబ్బు పెట్టి కొత్తదిచ్చాను. మాట్లాడేవాళ్లకేం.

ప్రభల బుల్లెట్:
అదీ సంగతి! మీ కొట్టు నష్టం తెచ్చి మా బళ్ల మీద రుద్దుతున్నారన్నమాట.

కాలవగట్టు ఇల్లు:
మీ ఓమ్స్ నాకు తెలీవు. రాత్రి పదకొండింటికి మా గట్టు మీద ఇలాంటి బండి వెళ్తే మా అమ్మ ఉలిక్కిపడి లేచి కూర్చుంటోంది. రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా ఇళ్ల మధ్య 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది.

ప్రభల బుల్లెట్:
పాటన్నది నలుగురికీ వినిపించాలండి. ఒక్కడే వినేదానికి బండెందుకు, ఇంట్లో రేడియో లేదా?

సోల్డరింగ్ మావయ్య:
ఈ ముక్క మొదటే అంటే నాకింత రాత తప్పేది. మీది ఊరికి వినిపించే లెక్క. నేను చెప్పేది తోలేవాడికి. లంకపిల్లోడు గారూ, మీకేది కావాలి?

లంకపిల్లోడు:
రెండూ కాదండి. వెనక కూర్చునే మా ఆవిడకి. ముందు స్పీకర్లకి నేనే అడ్డం. ఏం వినబళ్లేదని నన్ను పాడమంటోంది. ఆంప్ చూశాను, కనీసం 4 ఓమ్స్ అని రాసుంది.

సోల్డరింగ్ మావయ్య:
అయితే నాలుగు చానెళ్ల ఆంప్‌కి మారండి, దేని చానెల్ దానికే. మూతల్లో పెట్టేవి ఆవిడ చెవి వైపు వాల్చి బిగించండి. సన్నటి శబ్దాలు స్పీకరెటు చూస్తే అటే పోతాయి. చిన్నవైనా సరిపోతాయి.

ప్రభల బుల్లెట్:
మూడేళ్లైందండీ బాబూ. ప్యారలల్లోనే.