శుద్ధి చేసిన మురుగునీటితో కూలింగ్ టవర్: స్కేల్ (గార) పట్టకుండా యాసిడ్ వేయాలా, వద్దా?

గాజువాక_యుటిలిటీస్
ఏలేరు కాలువ నీళ్ల బదులు శుద్ధి చేసిన మురుగునీటిని కూలింగ్ టవర్ మేకప్‌కి (తగ్గిన నీళ్లు భర్తీ చేయడానికి) వాడాలని మా ప్లాంటులో నిర్ణయం అయిపోయింది. టవర్‌లో ఆవిరయ్యేది గంటకి 50 క్యూబిక్ మీటర్లు. 5 సైకిల్స్ మీద, అంటే నీళ్లలోని లవణాలు మేకప్ కన్నా 5 రెట్లు చిక్కబడేలా, నడపమంటున్నారు. నీటి రిపోర్టు, లీటరుకి మిల్లీగ్రాముల్లో: కాల్షియం హార్డ్‌నెస్ 140, మెగ్నీషియం హార్డ్‌నెస్ 80, ఆల్కలినిటీ, అంటే యాసిడ్‌ని తట్టుకునే క్షారగుణం, 220 (మూడూ కాల్షియం కార్బొనేట్ లెక్కన), సల్ఫేట్ 60, క్లోరైడ్ 180, సిలికా 22, ఆర్థోఫాస్ఫేట్ 4, అమ్మోనియా నైట్రోజన్ 6. పీహెచ్ 7.4. యాసిడ్ వేయకపోతే ఎక్స్‌ఛేంజర్ (ప్రాసెస్ వేడిని నీళ్లకి ఇచ్చే పరికరం) ట్యూబులు పూడిపోతాయని ఒకరంటారు, మంచి యాంటీస్కేలెంట్ (గార కట్టనివ్వని కెమికల్) ఉంటే యాసిడ్ జోలికే వెళ్లొద్దని ఇంకొకరు. తెలిసినవాళ్లు లెక్కతో సహా చెప్పండి.

పరవాడ_కెమిస్ట్
యాసిడ్ తప్పదు సార్. 5 సైకిల్స్‌లో కాల్షియం 700, ఆల్కలినిటీ లెక్క ప్రకారం 1100 అవుతుంది. పీహెచ్ 9 దగ్గరికి పోతుంది. ట్యూబు గోడ దగ్గర 45 డిగ్రీలు వేసుకున్నా లాంగ్లియర్ ఇండెక్స్ (కార్బొనేట్ గార కట్టే గుణాన్ని చూపే సూచిక) 3 దాటుతుంది. 2.5 దాటితే ఫాస్ఫొనేట్ (మామూలు యాంటీస్కేలెంట్) మీద నమ్మకం పెట్టుకోలేం. కాల్షియం కార్బొనేట్ వేడికి కరగదు, ఇంకా నీళ్లలోంచి బయటికి దిగుతుంది. అందుకే బేసిన్‌లో (టవర్ కింది తొట్టెలో) నీళ్లు తేటగా కనిపిస్తున్నా ఎక్స్‌ఛేంజర్లో గార కడుతుంది.

టవర్‌లో ఆల్కలినిటీ 150 దగ్గర ఆపాలంటే మేకప్‌లో 190 తగ్గించాలి. 98 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్ 1 మిల్లీగ్రాముకి ఆల్కలినిటీ 1 మిల్లీగ్రాము పోతుంది. మేకప్ గంటకి 62.5 క్యూబిక్ మీటర్లు కాబట్టి యాసిడ్ గంటకి దాదాపు 12 కిలోలు. పీహెచ్ 7.8–8 మధ్య నిలుస్తుంది.

షీలానగర్_వాటర్
కెమిస్ట్ గారూ, యాసిడ్ లెక్క బాగుంది. మరి దానితో వచ్చే సల్ఫేట్ లెక్క? 190 యాసిడ్‌తో మేకప్‌కి 182 సల్ఫేట్ కలుస్తుంది. ఉన్న 60తో కలిపి 242, 5 సైకిల్స్‌లో 1210. కాల్షియం 700తో గుణిస్తే 8,47,000. జిప్సం (కాల్షియం సల్ఫేట్ గార) దిగకుండా ఈ గుణకారం 5,00,000 లోపు ఉంచాలన్నది టవర్ల దగ్గర పాత లెక్క. కార్బొనేట్ స్కేల్ అయితే సల్ఫామిక్ యాసిడ్‌తో కడిగితే పోతుంది. జిప్సం పోదు, హైడ్రోజెట్ పెట్టి కొట్టాల్సిందే. పైగా సల్ఫేట్ 1000 దాటిన నీళ్లు మామూలు సిమెంటు బేసిన్‌కి మంచివి కావు.

సైకిల్స్ 3.5కి దించండి. అప్పుడు కాల్షియం 490, సల్ఫేట్ సుమారు 800, గుణకారం 4 లక్షల లోపే. మేకప్ 62.5 నుంచి 70కి పెరుగుతుంది, అంటే గంటకి 7.5 క్యూబిక్ మీటర్లు అదనం. ఆ నీళ్ల కోసం జిప్సం తెచ్చుకోవడం దేనికి? ఇంకొకటి, 5 సైకిల్స్‌లో క్లోరైడ్ 900. 304 స్టెయిన్‌లెస్ ప్లేట్లున్న ఎక్స్‌ఛేంజర్ ఏదైనా ఉంటే స్కేల్ కన్నా ముందు దానికి చిల్లులు పడతాయి.

ఎంవీపీ_ప్రాసెస్
ఇద్దరూ ఫాస్ఫేట్ 4ని వదిలేశారు. మురుగునీటికీ కాలువ నీళ్లకీ అసలు తేడా అక్కడే ఉంది. 5 సైకిల్స్‌లో అది 20, 3.5లో 14. కాల్షియం ఇంత ఉన్నప్పుడు పీహెచ్ 7.9 దగ్గర కూడా వేడి గోడ మీద కాల్షియం ఫాస్ఫేట్ దిగుతుంది. దానికి మామూలు ఫాస్ఫొనేట్ చాలదు, సల్ఫొనేటెడ్ కోపాలిమర్ (ఫాస్ఫేట్‌ని గార కట్టనివ్వని పాలిమర్) కావాలి, అదీ లీటరుకి 10–15 మిల్లీగ్రాములు, అసలు పాలిమర్ లెక్కన. ఆ ఖర్చు ఏడాది పొడుగునా ఉంటుంది.

టవర్‌కి రాకముందే ఫెర్రిక్ క్లోరైడ్‌తో ఫాస్ఫేట్‌ని 1 లోపుకి దించి, శాండ్ ఫిల్టర్ దాటించండి. ఇనుము లెక్కన లీటరుకి 5–8 మిల్లీగ్రాముల దగ్గర జార్ టెస్ట్ (బీకర్లలో డోసు సరిచూసే పరీక్ష) మొదలుపెట్టండి. పటిక వద్దు. ఫిల్టర్ దాటి వచ్చిన అల్యూమినియం పాలిమర్‌ని పనికిరాకుండా చేస్తుంది. ఇనుము కూడా జారిపోతే అదే పని చేస్తుంది, కాబట్టి ఫిల్టర్ బ్యాక్‌వాష్‌లో అశ్రద్ధ కుదరదు.

ఆటోనగర్_టవర్
అమ్మోనియా 6 ఎవరూ పట్టించుకోలేదు. టవర్‌లో నైట్రిఫైయింగ్ బ్యాక్టీరియా (అమ్మోనియాని నైట్రేట్‌గా మార్చేవి) కుదురుకుంటే 1 మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కి 7 మిల్లీగ్రాములకి పైగా ఆల్కలినిటీ పోతుంది. మేకప్ మీద 43 దాకా ఉచితంగా యాసిడ్ పోసినట్టే. గంటకి 12 కిలోలని ఫ్లో ప్రకారం పంపు సెట్ చేసి వదిలేస్తే ఒక రాత్రిలో పీహెచ్ 5కి పడిపోవచ్చు. డోసింగ్ పీహెచ్ మీటర్ ప్రకారమే నడవాలి, 7.4కి రాగానే పంపు ఆగిపోయేలా ఇంటర్‌లాక్ ఉండాలి. ప్రోబ్‌ని వారానికోసారి తుడిచి, 7, 10 బఫర్లతో సరిచూడాలి. యాసిడ్‌ని బేసిన్ గోడ పక్కన పోయొద్దు. బరువుకి అడుగుకి దిగి కాంక్రీట్‌ని తినేస్తుంది. మేకప్ నీళ్లు పడే తొట్టెలో కలవనివ్వండి.

వాల్వుల సంగతి కూడా చూడండి. చలికాలంలో ప్రాసెస్ మరీ చల్లబడుతోందని కూలింగ్ వాటర్ అవుట్‌లెట్ వాల్వు నొక్కేస్తారు. ట్యూబులో వేగం సెకనుకి 1 మీటరు కన్నా తగ్గి, గోడ వేడెక్కి, ఆ ఒక్క ఎక్స్‌ఛేంజరే పూడుకుపోతుంది. కెమికల్‌ని తిట్టే ముందు ఆ వాల్వు ఎన్ని చుట్లు మూసి ఉందో చూడాలి.

పరవాడ_కెమిస్ట్
సల్ఫేట్ విషయంలో షీలానగర్ గారి మాట ఒప్పుకుంటున్నాను, 5 పట్టుకుని కూర్చోను. ఫాస్ఫేట్ ముందే తీసేస్తే 3.5–4 సైకిల్స్, తక్కువ పాలిమర్‌తో నడుస్తుంది. 4లో గుణకారం 5,26,000 వస్తుంది, 5 లక్షల గీతకి కొంచెం పైనే. అయినా యాసిడ్ మాత్రం మానేయొద్దు.

గాజువాక_యుటిలిటీస్
అందరికీ ధన్యవాదాలు. ఎక్స్‌ఛేంజర్ విప్పకుండా స్కేల్ పడుతోందని పట్టుకునేదెలా?

ఎంవీపీ_ప్రాసెస్
రోజూ మేకప్‌లో, టవర్‌లో కాల్షియం, మెగ్నీషియం కొలవండి. మెగ్నీషియం 4 రెట్లయి కాల్షియం 3.4 రెట్లే ఉంటే మిగతా కాల్షియం ట్యూబుల మీదో, ఫిల్ (టవర్‌లో నీళ్లు జారే పలకలు) మీదో కూర్చున్నట్టు. క్లోరైడ్‌తో సైకిల్స్ లెక్కేయొద్దు, హైపో (క్రిములు చంపే క్లోరిన్ మందు) వేసేకొద్దీ అది పెరుగుతుంది. ఫాస్ఫేట్‌ని మామూలు శాంపిల్‌లోనూ, 0.45 మైక్రాన్ ఫిల్టర్ దాటిన శాంపిల్‌లోనూ కొలవండి. తేడా 10 శాతం దాటితే పాలిమర్ చాలడం లేదని అర్థం. ఎప్పుడైనా విప్పినప్పుడు ఒక పెచ్చు తీసి సజల హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేయండి. బుసబుస పొంగితే కార్బొనేట్, పొంగకుండా కరిగితే ఫాస్ఫేట్, కదలకపోతే జిప్సమో సిలికానో.