నసావులో ఒక పగలు, కోకోకేలో ఒక పగలు: మోకాళ్ళ నొప్పుల అత్తయ్య, తొమ్మిదేళ్ళ పాపతో ఏమేం చూడగలం?

నీలిగట్టు

అందరికీ నమస్కారం. మార్చిలో మయామి నుంచి బయలుదేరే ఒక చిన్న బహామాస్ క్రూయిజ్‌కు టికెట్లు తీసుకున్నాం. నేను, మా వారు, తొమ్మిదేళ్ళ పాప, డెబ్బై దాటిన మా అత్తయ్య వెళ్తున్నాం. ఓడ ఒక రోజు బహామాస్ రాజధాని నసావులో ఆగుతుంది, మర్నాడు రాయల్ కరీబియన్ వారి సొంత దీవి కోకోకేలో. నసావుకు ఉదయం ఎనిమిదికి చేరి, సాయంత్రం ఐదుకు బయలుదేరుతుందని రాశారు.

దిగాక ఏం చేయాలన్న దగ్గరే ఇంట్లో ఎవరికీ పొత్తు కుదరడం లేదు. ఈత కొట్టే పందుల వీడియో చూసినప్పటి నుంచి పాపకు అదే ధ్యాస. మా వారికి నసావు పక్కనే ఉన్న పారడైజ్ ఐలాండ్‌లోని వాటర్ పార్క్ కావాలి. నాకు పాత కోటలు, బానిసలు కొండరాయిని తొలిచి చేసిన మెట్లు చూడాలని ఉంది. అత్తయ్యను అడిగితే "మీరెక్కడుంటే నేనూ అక్కడే" అంటారు. కానీ అరగంట నడిస్తే ఆవిడ మోకాళ్ళు పట్టేస్తాయి, నొప్పి అని నోరు తెరిచి చెప్పరు. అడుగు తీసి వేయడం నెమ్మదించినప్పుడు మేమే కనిపెట్టాలి. ఆవిడ శాకాహారి కూడా.

ఓడవాళ్ళు అమ్మే టూర్లు తీసుకోవడం మంచిదా, సొంతంగా తిరగడం మంచిదా? కోకోకేలో అదనంగా డబ్బు కట్టకుండా ఏమేం ఉంటాయి? ఒకటి మాత్రం ముందే చెబుతున్నాను: అత్తయ్యను ఓడలో ఒంటరిగా వదిలి వెళ్ళే ఆలోచన మాకు లేదు.

కెరటం

పందుల సంగతి ముందు తేల్చుకోండి, మిగతావి వాటంతట అవే సర్దుకుంటాయి.

మీ పాప వీడియోలో చూసింది బహుశా ఎగ్జూమా దీవుల్లోని బిగ్ మేజర్ కే. అది నసావుకు 130 కిలోమీటర్ల పైచిలుకు దూరం. స్పీడ్‌బోటు మీద వెళ్ళి రావడానికే పగలంతా పోతుంది. గాలి ఉన్న రోజున ఆ పడవ అల మీద నుంచి అల మీదకు ఎగిరి పడుతూ ఉంటుంది. నడుము నొప్పి ఉన్నవాళ్ళను, గర్భిణులను ఎక్కించుకోబోమని నడిపేవాళ్ళే చెబుతారు. మీ అత్తయ్యకు అది ఎంతమాత్రం పనికిరాదు. సాయంత్రం ఐదుకు కదిలే ఓడను నమ్ముకుని అంత దూరం వెళ్ళడం మీకూ మంచిది కాదు. నసావు పక్కనే ఉన్న రోజ్ ఐలాండ్‌కు తీసుకెళ్ళి పందులను చూపించే టూర్లు ఉన్నాయి. పాప మరీ పట్టుబడితే వాటిలో ఒకటి చూసుకోండి.

వెళ్తే మాత్రం పాపకు ఒక మాట చెప్పి తీసుకెళ్ళండి. 2017లో ఎగ్జూమాలో కొన్ని పందులు చనిపోయినప్పుడు వాటి కడుపుల్లో ఇసుక కనిపించింది. వచ్చినవాళ్ళు ఒడ్డున విసిరిన తిండితో పాటు అవి ఇసుకనూ మింగేశాయి. తిండి పెట్టాలంటే నీళ్ళలోనే పెట్టాలి, అదీ అక్కడివాళ్ళు ఇచ్చినదే పెట్టాలి.

లంగరు

నీలిగట్టు గారూ, మీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా నచ్చింది చివరి వాక్యం. పెద్దవాళ్ళను ఓడలో కూర్చోబెట్టి, వాళ్ళకు ఫోటోలు తెచ్చి చూపించే కుటుంబాలను చాలా చూశాను. నసావులో ఆ అవసరమే లేదు. మా అమ్మను చక్రాల కుర్చీలో తిప్పిన ఊరు అది, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు మీ చేతిలో ఉన్న సమయం లెక్క వేసుకోండి. ఎనిమిదికి చేరడం అంటే ఎనిమిదికి దిగడం కాదు. అధికారుల అనుమతి వచ్చి, మెట్ల దగ్గర వరుస కదిలి, మీరు నేల మీద కాలు పెట్టేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది. ఐదుకు ఓడ కదులుతుందంటే అందరూ ఎక్కాల్సిన సమయం అంతకన్నా ముందే ఉంటుంది. అది ఓడవాళ్ళు ఆ రోజు కార్యక్రమాల పట్టికలో రాస్తారు, దాన్నే నమ్మండి. రేవులో మళ్ళీ తనిఖీ ఉంటుంది. పెద్దవాళ్ళను ఓడ కార్డుతో పాటు ఫోటో ఉన్న గుర్తింపు కార్డు కూడా అడుగుతారు. మూడున్నరకల్లా రేవు దారి పట్టాలని పెట్టుకుంటే, మీకు దక్కేది ఏడు గంటలు. బహామాస్ గడియారం మయామి గడియారం ఒకటే, వేసవి సమయ మార్పుతో సహా, కాబట్టి ఆ తికమక లేదు.

ఆ ఏడు గంటల్లో మూడు కోరికలూ ఇరికిస్తే మీ అత్తయ్యే నలిగిపోతారు. ఆవిడ చెప్పరు కాబట్టి మీకు తెలియను కూడా తెలియదు. నా మాట వింటే నసావులో ఒక చూడాల్సిన చోటు, ఒక కూర్చోవాల్సిన చోటు, అంతే. నీళ్ళ ఆటలన్నీ కోకోకేకు వదిలేయండి.

చూడాల్సిన చోటు మీరు అడిగినదే, క్వీన్స్ స్టెయిర్‌కేస్. రేవు నుంచి నడిచి వెళ్ళేవాళ్ళంతా కింది నుంచి మొదలుపెట్టి మెట్లెక్కుతారు. మీరు టాక్సీలో నేరుగా పైకి, ఫోర్ట్ ఫిన్‌కాసిల్ దగ్గరికి వెళ్ళండి. ఎక్కే ముందే అడగాల్సినవి ఉన్నాయి: ఎంత, మనిషికా బండికా, తిరుగు ప్రయాణం అందులో ఉందా, అక్కడ ఆగుతారా. ఆ కోట 1793లో గవర్నరు లార్డ్ డన్‌మోర్ కట్టించింది, ఓడ ముక్కులా మొనదేలి ఉంటుంది. చిన్న కోట, చూడటానికి ఎక్కువసేపు పట్టదు. దాని పైనుంచి మీ ఓడ, రేవు, పారడైజ్ ఐలాండ్ వంతెనలు అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. తర్వాత మీరూ పాపా మెట్లు దిగండి. మీ వారు అత్తయ్యతో టాక్సీలో చుట్టూ తిరిగి కింది వైపుకు రావచ్చు.

ఆ కింది వైపే అసలు చోటు. రెండు పక్కలా చాలా ఎత్తైన సున్నపురాయి గోడలు, మధ్యలో ఇరుకు దారి, మీద చెట్ల నీడ. బయట ఎండ కాల్చేస్తున్నా అక్కడ గాలి చల్లగా, తడిగా తగులుతుంది. గోడ దగ్గరికి వెళ్ళి చూడండి, గునపం దెబ్బలు ఇంకా కనిపిస్తాయి. ఒక్కో గాటు ఒక మనిషి చేతి దెబ్బ. 18వ శతాబ్దం చివర ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల చేత ఈ కొండను ఇలా తొలిపించారు. తర్వాత ఎప్పటికో దానికి విక్టోరియా రాణి పేరు పెట్టారు. కనిపించే మెట్లు 65. పాపకు లెక్కపెట్టే పని అప్పగించండి, కానీ ఆ గాట్లను వేలితో తాకి చూడమని కూడా చెప్పండి. తొమ్మిదేళ్ళకు అర్థమవుతుంది. నాకు ఆ ఊళ్ళో మిగతా చోట్లన్నీ ఒక ఎత్తు, ఈ గోడ ఒక ఎత్తు. పది నిమిషాల్లో ఫోటో తీసుకుని పరుగెత్తే టూరు బృందాలను చూస్తే మనసు కష్టంగా ఉంటుంది.

ఉదయం తొమ్మిదిలోపే అక్కడ ఉండేలా చూసుకోండి. పదిన్నర తర్వాత రేవులో ఉన్న ఓడలన్నిటి జనమూ అక్కడే చేరతారు.

ఇక కూర్చోవాల్సిన చోటు. జంకనూ బీచ్ రేవుకు నడక దూరంలోనే ఉంది. అక్కడ పాటల హోరు ఎక్కువ, కుర్చీలు అద్దెకిచ్చేవాళ్ళు వెంటపడతారు. మీ అత్తయ్యకు కేబుల్ బీచ్ హాయిగా ఉంటుంది. ఇంకొంచెం దూరం, కానీ నీళ్ళు నిదానంగా ఉంటాయి, ఇసుక మెత్తన. జిట్నీ అని పిలిచే చిన్న బస్సుల్లో 10వ నంబరు అటు వెళ్తుంది. మీతో మోకాళ్ళ సమస్య ఉంది కాబట్టి టాక్సీయే మేలు. పారడైజ్ ఐలాండ్ వెనక ఉన్న క్యాబేజ్ బీచ్ చూడటానికి బాగుంటుంది గానీ అలలు పెద్దవి, పాపను వదలలేరు. ఏ బీచ్‌లోనైనా జెట్‌స్కీ ఎక్కుతారా అని అడిగే మనుషులకు వద్దని చెప్పి ముందుకు సాగిపోండి. అమెరికా విదేశాంగ శాఖ తన బహామాస్ ప్రయాణ సూచనల్లో వాళ్ళ గురించి ప్రత్యేకంగా హెచ్చరించింది, దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

తిండి విషయంలో ఒక జాగ్రత్త. ఊరంతా కాంక్ అమ్ముతారు, అది శంఖంలోని జీవి మాంసం, కాబట్టి దాన్ని గుర్తుపట్టడం సులువే. కందులతో వండే అన్నం మాత్రం చూడటానికి అచ్చంగా మన శాకాహారంలా ఉంటుంది. అందులో చాలామంది ఉప్పు పట్టించిన పంది మాంసం ముక్కలు వేస్తారు. అడగకుండా అత్తయ్య పళ్ళెంలో వడ్డించకండి. ఓడలో పొద్దున్నే కడుపునిండా తిని దిగి, మధ్యాహ్నం కాస్త ఆలస్యంగా ఓడలోనే భోజనం చేస్తే ఏ ఇబ్బందీ ఉండదు. డబ్బు మార్చుకోనక్కర్లేదు, బహామాస్ డాలరు విలువ అమెరికా డాలరుతో సమానం, రెండూ చెల్లుతాయి. చిల్లరగా వచ్చిన బహామాస్ నోట్లను అక్కడే ఖర్చు పెట్టేయండి.

ఓడ టూరా, సొంతమా అంటే: దూరం పోయేదైతే, పడవ ఎక్కేదైతే ఓడ టూరే. అది ఆలస్యమైతే బాధ్యత ఓడవాళ్ళది. సొంతంగా వెళ్ళి ఆలస్యమైతే ఓడ ఆగదు. నేను చెప్పినట్టు ఊళ్ళోనే ఉంటే టూరు కొనాల్సిన పని లేదు.

ఉప్పుగాలి

లంగరు గారు చెప్పినదాంట్లో చాలావరకు ఒప్పుకుంటాను, వాటర్ పార్క్ విషయంలో తప్ప. అందరూ ఒకే చోట ఉండాలన్న నియమం ఎందుకు? మీ వారు అడిగిన ఆ వాటర్ పార్క్, అట్లాంటిస్ రిసార్టులోని అక్వావెంచర్, చాలా పెద్దది. సొరచేపలు తిరిగే కొలను మధ్య నుంచి గాజులాంటి గొట్టంలో జారుకుంటూ వెళ్ళడం పిల్లలు జన్మలో మరిచిపోరు. మీ వారూ పాపా అటు వెళ్ళి, మీరూ అత్తయ్యా మెట్ల వైపు వెళ్ళవచ్చు కదా.

అయితే పాప ఎత్తు ముందే కొలవండి. పెద్ద జారుడు గొట్టాలకు 48 అంగుళాల పరిమితి ఉంటుంది. రోజు పాసు ధర ఎప్పుడూ ఒకేలా ఉండదు, ఓడలు ఎక్కువ ఉన్న రోజుల్లో దొరకదు కూడా. కొనదలిస్తే ముందే కొనండి. మధ్యాహ్నం వంతెన మీద బండ్లు బారులు తీరుతాయి, వెనక్కి బయలుదేరేటప్పుడు దానికీ సమయం ఉంచుకోవాలి.

నీలిగట్టు

అందరికీ ధన్యవాదాలు. పాప ఎత్తు ఇప్పుడే కొలిచాను, 50 అంగుళాలు ఉంది. మా వారి ముఖం వెలిగిపోయింది. కానీ మరుసటి రోజు కోకోకేలో కూడా జారుడుబల్లలు ఉన్నాయంటున్నారు కదా, వరుసగా రెండు రోజులు అవే ఎందుకు అనిపిస్తోంది. పందుల దూరం గురించి పాపకు మ్యాపు చూపించి చెప్పాను. కాసేపు మూతి ముడుచుకుంది, తర్వాత "అవి ఇసుక తింటే నిజంగా చచ్చిపోతాయా" అని అడిగింది. ఇప్పుడు వెళ్ళనంటోంది.

కోకోకేలో అత్తయ్య ఎక్కడ ఉండగలరో చెప్పండి. గాలి ఎక్కువైతే ఓడ అక్కడ ఆగదని విన్నాను, అది నిజమా?

లంగరు

నిజమే. కోకోకేలో ఓడ నేరుగా రేవు గట్టుకు ఆనుతుంది, చిన్న పడవల్లోకి మారే ప్రయాస లేదు, మోకాళ్ళకు అది పెద్ద వరం. కానీ గాలి బలంగా ఉంటే ఆనించడం కుదరదు. చలికాలం నుంచి వసంతం మొదలు వరకు ఉత్తరం నుంచి చల్లగాలులు దిగుతుంటాయి, మార్చిలో ఆ అవకాశం ఉంది. ఆగకపోతే అక్కడి ఆటలకు ఓడవాళ్ళ దగ్గర కొన్న టికెట్ల డబ్బు తిరిగి వస్తుంది. అందుకే ఉప్పుగాలి గారి మాటను నేను పూర్తిగా కొట్టిపారేయను: పాప ఆశలన్నీ కోకోకే మీద పెట్టి, అది కాస్తా రద్దయితే బాధపడుతుంది. నసావులో కేబుల్ బీచ్ నీళ్ళలో ఆడుకోనిస్తే ఆ లోటు చాలావరకు తీరుతుంది.

దీవిలో డబ్బు కట్టాల్సినవి థ్రిల్ వాటర్‌పార్క్, గుడిసెల్లాంటి కబానాలు. ఒయాసిస్ లగూన్ అనే పెద్ద మంచినీళ్ళ కొలను, పిల్లల నీళ్ళ ఆటల స్థలం, బీచ్‌లు, కుర్చీలు, ఎక్కువ భాగం తిండి క్రూయిజ్ టికెట్‌లోనే కలిసి ఉంటాయి. ట్రామ్ బండ్లు ఉచితంగా తిరుగుతూనే ఉంటాయి, కాబట్టి నడక తక్కువ. మార్చిలో సముద్రం 24 డిగ్రీల దగ్గర ఉంటుంది, పెద్దవాళ్ళకు దిగగానే చలి అనిపిస్తుంది. అత్తయ్యకు లగూన్ అంచే సరైన చోటు. నేల కొద్దికొద్దిగా లోతుకు వెళ్తుంది, మోకాళ్ళ వరకు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవచ్చు. మా అమ్మ అక్కడ కూర్చుని పక్కనున్న ఆవిడతో భాష రాకపోయినా గంటసేపు మాట్లాడింది.

ఓడ దిగేవాళ్ళలో మొదటి విడతలో ఉండండి. నీడ ఉన్న కుర్చీలు తొందరగా నిండిపోతాయి. ఇసుకలో తిరిగే లావు చక్రాల కుర్చీలు ఉంటాయి, కానీ ముందు వచ్చినవాళ్ళకే ఇస్తారు. అత్తయ్య వద్దంటారు, తెలుసు. మీరు తెచ్చి పక్కన పెట్టండి, అలసిపోయినప్పుడు ఆవిడే కూర్చుంటారు. మామూలు చక్రాల కుర్చీ నసావుకు కూడా కావాలంటే మాత్రం ఓడ సంస్థలోని ప్రత్యేక సహాయ విభాగానికి ఈ వారమే రాయండి. ఓడలో ఉన్నవి అత్యవసరాలకే, రోజంతా బయట తిప్పడానికి ఇవ్వరు.