సెట్టర్ల కొరత: అప్రెంటిస్‌లను తీసుకోకపోవడమే కారణమా?

ప్రశ్న:
మా మెషినింగ్ యూనిట్‌కు సీఎన్‌సీ (కంప్యూటర్ ఆదేశాలతో నడిచే మెషిన్) మీద జాబ్, అంటే చెక్కవలసిన లోహపు ముక్క, బిగించి బటన్ నొక్కే ఆపరేటర్లు దొరుకుతున్నారు గాని, డ్రాయింగ్ చదివి, మెషిన్ సెట్ చేసి, కొలత తేడా వస్తే కారణం పట్టుకోగల సెట్టర్ల కోసం నెలల తరబడి ఎదురుచూడవలసి వస్తోంది. అప్రెంటిస్‌లను చేర్చుకుందామంటే, పని నేర్చుకున్నాక వెళ్ళిపోతారని భాగస్వాములు వెనకాడుతున్నారు. ఈ కొరతకు మూలం ఎక్కడుంది?

జవాబు 1:
ఆర్డర్లు పడిపోగానే చాలా సంస్థలు ముందుగా ఆపేది అప్రెంటిస్‌ల చేరికనే. జర్మనీలో మెషినిస్టు శిక్షణ మూడున్నరేళ్లు. అంటే ఈ ఏడాది చేర్చుకోని కుర్రవాడి లోటు, మార్కెట్ కోలుకుని అందరూ ఒకేసారి మనుషుల కోసం వెతికే వేళకు తెలిసివస్తుంది. అప్పుడు పక్క సంస్థ మనిషిని లాక్కోవడం తప్ప దారి ఉండదు కనుక, మీ భాగస్వాముల భయాన్ని కొట్టిపారేయలేము. బ్రిటన్ 2017 ఏప్రిల్‌లో, వేతనాల మొత్తం ఏటా 30 లక్షల పౌండ్లు దాటిన సంస్థలపై 0.5 శాతం లెవీ వేసి, ఆ సొమ్మును శిక్షణకు కేటాయించింది. అయితే అందులో చాలా భాగం కొత్తవారికి కాక, అప్పటికే ఉద్యోగంలో ఉన్నవారి పై స్థాయి కోర్సులకు మళ్ళిందన్న విమర్శ వచ్చింది.

జవాబు 2:
నా అనుభవంలో డబ్బు కన్నా నేర్పే మనిషికే కరువు. నా దగ్గరున్న అప్రెంటిస్ ఒకడు 100 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఉక్కు షాఫ్టును లేత్ మీద తీసి, అది ఇంకా వేడిగా ఉండగానే మైక్రోమీటర్ పెట్టి, సైజు సరిపోయిందని రాసుకున్నాడు. ఆ వ్యాసంలో ఉక్కు 20 డిగ్రీలు చల్లబడితే సుమారు 0.023 మిల్లీమీటర్లు తగ్గుతుంది. మర్నాటి తనిఖీలో షాఫ్టు టాలరెన్స్ (కొలతలో అనుమతించే తేడా) దాటి చిన్నదై స్క్రాప్‌లోకి పోయింది. వ్యాకోచం గురించి అతను చదువుకోలేదా అంటే, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాడు. "కాస్త చల్లారనివ్వు" అని చెప్పవలసిన నన్ను, ఆ షిఫ్టులో టార్గెట్ కోసం వేరే మెషిన్ మీద వేశారు.

జవాబు 3:
వెళ్ళిపోతారన్న భయంతో బాండు మాత్రం రాయించుకోకండి. శిక్షణ ముగిసిన రోజునుంచే పనివాడి జీతం ఇస్తే చాలామంది నిలుస్తారు. అప్రెంటిస్ జీతంతోనే మరో ఏడాది నెట్టుకురావాలని చూసిన చోటే మనుషులు జారిపోవడం నేను చూశాను.

ప్రశ్న అడిగినవారు:
రెండేళ్లలో రిటైరయ్యే సెట్టర్ మా దగ్గర ఒకరున్నారు. ఆయన టార్గెట్ తగ్గించి, ఇద్దరు కుర్రవాళ్లను ఆయన పక్కన నిలబెట్టే ప్రతిపాదనను భాగస్వాముల ముందు పెడతాను. అమ్మకానికి పెట్టిన పాత లేత్‌ను కూడా, వాళ్లు నేర్చుకోవడానికి, అమ్మకుండా ఉంచుకుంటున్నాను.